మా పాప పద్దుల పుస్తకం

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో లెక్కలు రాస్తాను. పద్దెనిమిదేళ్లుగా అదే పని. రేకు ఎంత వచ్చింది, ప్లైవుడ్ ఎన్ని షీట్లు పోయింది, వెల్డింగ్ వాళ్లకు అడ్వాన్సు ఎంత ఇచ్చాం, ఇవన్నీ సాయంత్రానికి పుస్తకంలోకి ఎక్కించి, కింద గీత గీసి, మొత్తం వేసి గానీ కుర్చీలోంచి లేవను.

ఇంట్లో ఇంకో పుస్తకం ఉంది. అది మా పాపది.

మా పాపకు తొమ్మిదేళ్లు. పుట్టగానే ఏడవలేదు. ఇలాంటి పిల్లలున్న ఇళ్లలో ఎవరిని కదిలించినా ముందు ఈ మాటే వస్తుంది. మెదడుకు ఆక్సిజన్ అందలేదన్నారు, ఏడాది దాటాక సెరిబ్రల్ పాల్సీ అన్నారు. మెడ ఇప్పటికీ కాసేపే నిలుస్తుంది. మాట రాదు. అవునంటే కళ్లు పైకెత్తుతుంది, కాదంటే మొహం గోడవైపు తిప్పేస్తుంది. వాళ్ల తమ్ముడు అమ్మ చేత తిట్లు తింటుంటే మాత్రం ఒళ్లంతా కదిలిపోయేలా నవ్వుతుంది.

రెండో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. డాక్టరుగారు "నెలలో ఎన్నిసార్లు వచ్చాయి?" అని అడిగితే నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తను ఏడన్నది, నేను పది అన్నాను. మనుషులకు జీతాలు లెక్కగట్టేవాణ్ణి, కన్నకూతురి లెక్క చెప్పలేకపోయాను. ఆ సాయంత్రమే 200 పేజీల లాంగ్ నోటుబుక్కు కొన్నాను. మొదటి పద్దు ఇప్పటికీ అలాగే ఉంది: "14-3-2018. తెల్లవారుజాము 4.20. రెండు నిమిషాలు. ముందు ఎడమ చెయ్యి. జ్వరం లేదు. రాత్రి నిద్ర సరిగా లేదు."

మూడు నెలల తర్వాత ఆ పుస్తకం డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన పెన్సిలు తీసుకుని టైముల కింద గీతలు గీసుకుంటూ పోయారు. సగానికి పైగా తెల్లవారుజామునే వచ్చాయి. అదీ రాత్రి సరిగా నిద్రపోని రోజుల్లోనే. మందు మార్చలేదు, వేసే టైములు మార్చి, రాత్రి మోతాదు కొంచెం సర్దారు. తర్వాతి నెలలో పేజీలు ఖాళీగా ఉన్నాయి. నాకు పుస్తకంలో ఖాళీ పేజీ చూస్తే సంతోషం వేసింది అదే మొదటిసారి.

కానీ ఆ పుస్తకంలో ఒక గడి లేదు. అది లేదని మాకు తెలియను కూడా తెలియదు. దాని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పాపకు ఆరేళ్లప్పుడు డైపర్ మార్చేటప్పుడల్లా ఏడవడం మొదలుపెట్టింది. ఎడమ కాలు పక్కకు తీస్తే చాలు, గుక్క తిప్పుకోకుండా ఏడుపు. వాతమని ఒకరు, బిగుతని ఒకరు, నూనె రాయమని ఒకరు చెప్పారు. మా ఆవిడ ఒకరోజు రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి, "ఏమండీ, ఎడమది పొట్టిగా లేదూ?" అంది. ఎక్స్‌రే తీయిస్తే ఎడమ తొడ ఎముక తల తుంటి గిన్నెలోంచి బయటికి వచ్చేసి ఉంది. ఆర్థోపెడిక్ డాక్టరుగారు ఫిల్ము వెలుతురుకి పెట్టి, "ఇంతకుముందు తుంటి ఎక్స్‌రే ఎప్పుడు తీయించారు?" అని అడిగారు. నేను పుస్తకం తిరగేశాను. నాలుగేళ్ల పద్దులు. ఎక్కడా లేదు. అప్పటికి మూడు చోట్ల థెరపీ చేయించాం, ఆరుగురు డాక్టర్లకు చూపించాం. వాళ్లెవరి పేర్లూ రాయను, అందరూ పాపను బాగానే చూశారు. కానీ ఎవరూ ఆ ఎక్స్‌రే తీయించమనలేదు. మేమూ అడగలేదు.

ఆపరేషన్ అయింది. నడుము నుంచి పాదాల దాకా ఆరు వారాలు పిండికట్టు. జూన్ నెల, విజయవాడ ఎండ. ఆ ఆరు వారాల గురించి నేనింకేమీ రాయలేను.

పాప పిండికట్టులో పడుకున్న రాత్రుళ్లలో ఫోన్ పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఒక్కో పేరా మూడుసార్లు చదివేవాణ్ణి. అప్పుడు తెలిసింది. సెరిబ్రల్ పాల్సీ పిల్లలను కదలిక తీరును బట్టి అయిదు లెవెళ్లుగా చూస్తారు. 1997లో కెనడా వాళ్లు తయారుచేసిన పద్ధతి అది. మొదటి లెవెల్ పిల్లలు నడుస్తారు, మెట్లెక్కుతారు. అయిదో లెవెల్ పిల్లలకు మెడ నిలపడమే కష్టం. మా పాపది అయిదు. ఆస్ట్రేలియాలో 323 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తుంటి పక్కకు జరగడం మొదటి లెవెల్లో ఒక్కరికీ లేదు. అయిదో లెవెల్లో నూటికి 90 మందికి ఉంది. నూటికి తొంభై! మా పాప పుట్టడానికి పదేళ్ల ముందే ఎవరో లెక్కగట్టి పెట్టిన సంగతి ఇది.

స్వీడన్ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ దేశంలో దక్షిణాన 1994లో అక్కడి డాక్టర్లు, థెరపిస్టులు ఒక రిజిస్టరు మొదలుపెట్టారు. ఆ ప్రాంతంలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలందరినీ అందులోకి ఎక్కించారు. ఎవరికి కీళ్లు ఎంత వంగుతున్నాయి, తుంటి ఎక్స్‌రే ఎప్పుడు, తర్వాతిది ఎప్పుడు, అన్నీ ఒక పద్ధతి ప్రకారం రాస్తూ పోయారు. తుంటి జరగడం మొదలైన పిల్లను అప్పుడే పట్టుకుని చిన్న వైద్యంతోనే ఆపారు. కొన్నేళ్లకు లెక్క చూసుకుంటే, తుంటి పూర్తిగా బయటికి వచ్చేయడం అన్నది అక్కడ దాదాపు లేకుండా పోయింది. కొత్త మందు కనిపెట్టలేదు. కొత్త మెషీను తేలేదు. ఏ పిల్లనూ వదలకుండా రాశారు, రాసిన దాన్ని చూశారు.

పరిశోధన అంటే అప్పటిదాకా నా మనసులో తెల్లకోట్లు, గాజుసీసాలు. అది కూడా పద్దు రాయడమేనని ఆ రాత్రి అర్థమైంది.

పాప లేచి కూర్చోగలిగాక మళ్లీ భవిత కేంద్రానికి తీసుకెళ్లడం మొదలుపెట్టాం. తెలియని వాళ్లకు చెబుతున్నాను, సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే కేంద్రాలివి. ప్రత్యేక టీచర్లుంటారు, ఫిజియోథెరపీ రోజులుంటాయి, బొత్తిగా రాలేని పిల్లలకు టీచరే ఇంటికొచ్చి చెబుతారు. ఫిజియో రోజున వరండా బల్ల మీద తల్లులు వరుసగా కూర్చునేవాళ్లు. "మీవాడికి సదరం అయిందా?" "పింఛను పడుతోందా?" "ఆ మందు ఎక్కడ దొరుకుతోంది?" ఆ బల్ల మీద పది నిమిషాల్లో తెలిసే విషయాలు ఆఫీసుల చుట్టూ పది రోజులు తిరిగినా తెలియవు. ఆ బల్లే మా గుంపుకు పునాది.

మొదట పద్నాలుగు ఇళ్లు. ఇప్పుడు ముప్పై ఒకటి. సత్యనారాయణపురంలో ఒక రిటైరైన టీచరమ్మగారింట్లో నెలకో ఆదివారం కలుస్తాం. ఆవిడ మనవడికి ఆటిజం. ఆ ఇల్లే ఎందుకంటే గుమ్మానికి మెట్లు లేవు, వీల్‌చైర్ రోడ్డు మీద నుంచి తిన్నగా వసారాలోకి వచ్చేస్తుంది. ఇంకో కారణం, అక్కడ పిల్లలు అరిచినా, చేతులు ఆడించినా, చొంగ కార్చినా తల తిప్పి చూసేవాళ్లు ఉండరు. పెళ్లిళ్లకు వెళ్లడం మానేసిన తల్లులు ఆ వసారాకు మంచి చీర కట్టుకుని వస్తారు.

అక్కడ మాట్లాడుకునేవి ఎక్కువగా కాగితాల సంగతులే. 1995 నాటి చట్టంలో వైకల్యాలు ఏడు రకాలే. 2016 చట్టంలో 21 అయ్యాయి, ఆటిజం, తలసేమియా లాంటివి అందులోకి వచ్చాయి. మా గుంపులో తలసేమియా బాబు వాళ్లమ్మకు ఈ సంగతి చాలాకాలం తెలియదు. సదరంలో, అంటే వైకల్యం ఎంతో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షలో, 40 శాతం వస్తే పింఛనుకు అర్హత. 2024 జూలై నుంచి అది నెలకు 6,000 అయింది, ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికే తెచ్చిస్తున్నారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్లకు ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీ ఖర్చులు కూడా కొంతవరకు అందులో వస్తాయి. ఉద్యోగస్తులైన నాన్నలకు నేను చెప్పేది, పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లయితే వైకల్యం ఉన్న పిల్లల పోషణ కింద (1961 చట్టంలో 80డీడీ సెక్షన్) 75,000, వైకల్యం 80 శాతం లేదా అంతకు మించి ఉంటే 1,25,000 మినహాయింపు ఉంది. మా గుంపులో ఒక రైల్వే ఆయన ఆరేళ్లు దాన్ని వాడుకోలేదు.

స్వీడన్ కథ నేను ఆ వసారాలోనే చెప్పాను. మనమూ ఒక రిజిస్టరు పెట్టుకుందాం అన్నాను. పిల్ల వయసు, వైకల్యం, లెవెల్, మందు, మోతాదు, ఫిట్స్ ఉన్నాయా, తుంటి ఎక్స్‌రే తేదీ, తర్వాతిది ఎప్పుడు, కళ్లు, చెవులు ఎప్పుడు చూపించారు. ఇంతే గడులు.

అందరూ సరే అనలేదు. ఒకావిడ చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "అన్నయ్యా, మా పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. చెల్లెలు ఇలా ఉందని పుస్తకంలో రాసి ఉంటే, అది ఎవరి కంటైనా పడితే?" అంది. ఎవరం నోరెత్తలేదు. ఆవిడ భయం ఉత్తది కాదు, మన ఇళ్లలో సంబంధాలు ఎలా తప్పిపోతాయో అందరికీ తెలుసు. చివరికి పేర్లు రాయకూడదని తీర్మానించుకున్నాం. నంబర్లే. ఏ నంబరు ఎవరిదో ఉన్న కాగితం టీచరమ్మగారి బీరువాలో, తాళం ఆవిడ కొంగున. ఎవరు ఎప్పుడు వద్దన్నా వాళ్ల వరస కొట్టేస్తాం, ఎందుకని అడగం. మొదట భయపడిన ఆ తల్లి నాలుగు నెలలు ఆగి, ఓ ఆదివారం కాఫీ గ్లాసులు తీస్తూ, "మాదీ రాయండి అన్నయ్యా, ఇరవై మూడో నంబరు ఖాళీయేగా" అంది.

మొదటిసారి గడులన్నీ నింపాక చూస్తే నా చెయ్యి ఆగిపోయింది. నడవలేని పిల్లలు పన్నెండు మంది ఉంటే, తుంటి ఎక్స్‌రే ఒక్కసారైనా తీయించింది ముగ్గురికి. అందులో మా పాప ఒకతె. అప్పటికే జరిగిపోయాక తీసింది. మిగతా తొమ్మిది మందికి రెండు నెలల్లో తీయించాం. ఇద్దరికి తుంటి జరగడం మొదలైంది, ఇంకా గిన్నెలోనే ఉంది. ఆ ఇద్దరికీ టైముకు వైద్యం అందుతోంది. నేనీ మధ్యకాలంలో చేసిన పనుల్లో నాకు మనస్ఫూర్తిగా తృప్తినిచ్చింది ఇదే.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు వరద. విజయవాడ వాళ్లకు అంతకన్నా చెప్పనక్కర్లేదు. మేముండేది సింగ్ నగర్‌లో, కింది వాటా. పొద్దున కాఫీ పెట్టేసరికి గుమ్మంలో నీళ్లు, టిఫిను టైముకు మోకాలి దాకా. పాప అప్పటికి ఇరవై రెండు కిలోలు, ఒళ్లు బిగుసుకుపోతే ఇద్దరు పట్టినా జారుతుంది. మా వీధి చివర క్యారమ్స్ ఆడుకునే కుర్రాళ్లు నలుగురు వచ్చారు. "అంకుల్, కుర్చీతో సహా ఎత్తేద్దాం, తను భయపడదు" అన్నారు. ఆ మాట వాళ్లకెలా తోచిందో గానీ, అలాగే ఎత్తి ఓనరుగారి మేడ మీదకు చేర్చారు.

ఆ కుర్చీ గురించి చెప్పాలి. ఆపరేషన్ తర్వాత కాళ్లు దగ్గరకు రాకుండా కూర్చోబెట్టాలన్నారు. అలాంటి కుర్చీ బజారులో రేటు మాకు అందేది కాదు. భవితలో ఫిజియో మేడంగారు కాగితం మీద బొమ్మ గీసి కొలతలు వేసిచ్చారు. దాన్ని మా షెడ్డులో మేస్త్రీ బాబాయికి చూపించాను. ఆయన నలభై ఏళ్లుగా లారీ క్యాబిన్లు కడుతున్న మనిషి. పన్నెండు ఎం.ఎం. ప్లైవుడ్, డ్రైవర్ సీటుకు వాడే ఫోము, పైన నీలం రెక్సిను, మోకాళ్ల మధ్య మెత్త చుట్టిన చెక్క దిమ్మ, ముందు తీసిపెట్టుకునే పలక. అంచులన్నీ ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది, చివరికి తన చెంప ఆనించి చూసుకున్నాడు గరుకు తగులుతుందేమోనని. కూలి ఇవ్వబోతే, "పాప కుర్చీకి కూలేంటి బాబూ" అని చెయ్యి వెనక్కి నెట్టేశాడు. ఆ తర్వాత గుంపులో ఆరుగురికి చేయించాం. సామాను డబ్బులు మావి, పని షెడ్డు వాళ్లది.

మేడ మీద కరెంటు లేదు, ఫోనులో చార్జింగు పదహారు శాతం. పాప ఫిట్స్ సిరప్ సీసా ఎత్తి చూస్తే అడుగున మూడు మోతాదులు. ఆ మధ్యాహ్నం టీచరమ్మగారి దగ్గర నుంచి ఫోనొచ్చింది. ఆవిడ రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నారు. "పధ్నాలుగో నంబరు, సిరప్ రోజుకు రెండుసార్లు అని ఉంది. ఎన్ని రోజులకుంది?" నేను చెప్పాను. "పెట్టేయండి, చార్జింగు దాచుకోండి" అన్నారు. సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేటల్లో మావాళ్లవి తొమ్మిది ఇళ్లు. అన్నింటికీ అలాగే చేశారు. పటమట వైపున్న వాళ్లు మందులు కొన్నారు, ఒకరి బావమరిది ఫ్లైఓవరు దగ్గర పడవ ఎక్కి ఇల్లిల్లూ తిరిగాడు. మంగళవారం పొద్దున పాలిథిన్ కవరులో మా సీసా వచ్చింది. కవరు మీద స్కెచ్ పెన్నుతో 14 అని రాసి ఉంది.

రాజరాజేశ్వరిపేటలో ఒక బాబుకు మాత్రం రెండు రోజులు అందలేదు. ఫోన్ కలవలేదు, పడవ ఆ సందులోకి పోలేదు. రెండో రాత్రి చీకట్లో వాడికి ఫిట్స్ వచ్చి ఎంతకీ ఆగలేదు. వాళ్లమ్మ ఒళ్లో పెట్టుకుని పక్కకు తిప్పి పట్టుకుని కూర్చుంది. వాడు దక్కాడు. అప్పటి నుంచి మా రిజిస్టరులో ఇంకో గడి వచ్చింది: "జిప్ కవరులో పదిహేను రోజుల మందు." ప్రతి కలయికలోనూ టీచరమ్మగారు హాజరు పిలిచినట్టు అడుగుతారు, ఉన్నట్టు నోటితో చెప్పాలి.

ఇక పరిశోధన మా గుమ్మం తొక్కిన సంగతి. రెండుసార్లు వచ్చింది, రెండు రకాలుగా.

మొదటిది ఫోన్‌లో. ఏదో వీడియో చూసి మా బంధువొకాయన నంబరు పంపారు. వేరే రాష్ట్రంలో ఆసుపత్రి, మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కిస్తారట. అటువైపు మనిషి తేనె పూసినట్టు మాట్లాడాడు. "ఇది రీసెర్చ్ ట్రీట్‌మెంటండీ, లేటెస్టు. మూడున్నర లక్షలు, ముందు సగం కడితే చాలు." మా ఆవిడ అప్పటికే మెళ్లో గొలుసు వైపు చూసుకుంది. ఆమెను తప్పుబట్టను. ఆ ఫోన్ వచ్చిన రోజు ఎవరి చెయ్యైనా గొలుసు మీదకే పోతుంది. తెనాలి వైపు నుంచి మా గుంపుకు వచ్చే ఒక కుటుంబం పొలం తాకట్టు పెట్టి ఇలాంటిది చేయించింది. వాళ్లబ్బాయిలో మార్పు లేదు, తాకట్టు అలాగే ఉంది.

భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, 2017 మార్గదర్శకాల్లో దీన్ని తేల్చి చెప్పింది. రక్త సంబంధమైన కొన్ని జబ్బుల్లో చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావేవీ రుజువైన వైద్యం కాదు, ప్రయోగంగా మాత్రమే చేయాలి. ప్రయోగమంటే దానికి నైతిక కమిటీ అనుమతి ఉండాలి, సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్టరులో నమోదై ఉండాలి. ఆ రిజిస్టరును ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, పరిశోధన కోసం చేసే పనికి పిల్ల తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకోకూడదు. నేను ఆ ఫోన్ మనిషిని సీటీఆర్‌ఐ నంబరు అడిగాను. లైను కట్ అయింది. ఇప్పుడు మా గుంపులో ఎవరికి అలాంటి ఫోనొచ్చినా అదే అడుగుతాం. ఇప్పటిదాకా ఒక్కరూ నంబరు చెప్పలేదు.

అలాగని పరిశోధన అనగానే తలుపేసుకోవడం కూడా నాకు నచ్చదు. మన దేశంలో రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో మెదడు ఎదుగుదల ఇబ్బందులు ఎంతమందికున్నాయో చూసిన పెద్ద అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. అయిదు చోట్ల ఇంటింటికీ వెళ్లి దాదాపు 4,000 మంది పిల్లలను పరీక్షించారు. ఆ అయిదింటిలో తెలుగు నేలకు దక్కింది హైదరాబాద్ ఒక్కటే. కృష్ణా, గుంటూరు పిల్లలు అందులో లేరు. మన పిల్లలను మనం నాలుగు గోడల మధ్య దాచుకుంటే ఏ లెక్కలోకీ రారు. లెక్కలోకి రాని పిల్లల కోసం ఎవరు థెరపిస్టును వేస్తారు, ఎవరు ర్యాంపు కడతారు?

రెండోసారి వచ్చింది ఫిజియోథెరపీలో పీజీ చేస్తున్న ఒక అమ్మాయి. తల్లిదండ్రులు ఇంట్లోనే ఒక లక్ష్యం పెట్టుకుని రోజూ అరగంట సాధన చేయిస్తే ఎలా ఉంటుందో ఎనిమిది వారాలు చూస్తుంది. ఇది నాకు నమ్మకం కలిగించిన సంగతి, ఎందుకంటే కాళ్లూ చేతులూ మనం పట్టుకుని సాగదీయడం కన్నా, పిల్ల తనంతట తాను ఏదో ఒక పని కోసం ప్రయత్నించడమే ఎక్కువ మేలు చేస్తుందని ఇప్పటికే చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ అమ్మాయి తెలుగులో రాసిన సమాచార పత్రం తెచ్చింది. కమిటీ అనుమతి చూపించింది. ఎప్పుడు వద్దనుకున్నా మానేయొచ్చని, మానేసినా పాపకు అందే వైద్యంలో తేడా రాదని చదివి వినిపించింది. మేం ఒక్కటే అదనంగా అడిగాం, చివర్లో ఏం తేలిందో మా వసారాకు వచ్చి తెలుగులో చెప్పాలని. ఒప్పుకుంది.

"ఇక్కడ మీ సంతకం అంకుల్" అంది.

"నాది పెడతానమ్మా. పాపను కూడా అడగాలి కదా" అన్నాను.

ఐసీఎంఆర్ నియమం ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లలను అడగాలి, పన్నెండేళ్ల లోపు వాళ్లు నోటిమాటగా ఒప్పుకుంటే చాలు. మాట రాని పిల్లను అడగడమేంటని ఎవరికైనా అనిపించొచ్చు. ఆ అమ్మాయి అలా అనలేదు. ఫైలు పక్కన పెట్టి, పాప కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. "మనిద్దరం రోజూ బంతి తోసే ఆట ఆడుకుందామా? నువ్వెలా ఆడుతున్నావో నేను ఫోన్‌లో వీడియో తీసుకుంటా. నీకిష్టమేనా?" అని ఫోన్ చూపించింది.

పాప మొహం గోడవైపు తిప్పేసింది.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. "సిగ్గుపడుతోందిలే, నువ్వు రాసేసుకో అమ్మా" అని మా అత్తగారు అనబోయారు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపి, "కాదన్నది కదండీ అమ్మమ్మగారూ. ఇంకో రోజు వస్తాను" అని లేచి వెళ్లిపోయింది. పీజీ గడువు దగ్గరపడుతోంది, పిల్లలు దొరకడం కష్టం, ఆ సంగతి మాకు తెలుసు. అయినా వెళ్లిపోయింది. నేను గేటు దాకా వెళ్లి మాటలు రాక తిరిగొచ్చాను.

ఆ రాత్రి మా ఆవిడ చెప్పింది, "దానికి ఆట మీద కోపం లేదండీ. ఫోన్ లైటు. ఆసుపత్రిలో కళ్లల్లో టార్చి వేసేవాళ్లు, గుర్తులేదా?" మర్నాడు ఆ అమ్మాయికి ఆ ముక్క చెప్పాం. మూడో రోజు వచ్చింది, ఫైలు లేకుండా, లోపల గజ్జెలున్న పసుపు బంతితో. ఫోన్ తలుపు దగ్గర స్టూలు మీద పెట్టి, లైటు లేదని దూరం నుంచే చూపించింది. మళ్లీ మొదటి నుంచి అడిగింది. పాప బంతిని చూసింది, స్టూలును చూసింది, ఆ అమ్మాయిని చూసింది. చాలాసేపు పట్టింది. తర్వాత కళ్లు పైకెత్తింది.

లక్ష్యం మా ఆవిడే చెప్పింది. అన్నం తినేంతసేపు మెడ నిలబెట్టాలి. మెడ వాలిపోతే ముద్ద పొలమారుతుంది, మాకు రోజూ భయం అదే. మొదటి రోజు కుర్చీలో బంతి తోస్తూ మెడ నిలిపింది నాలుగు నిమిషాలు. ఎనిమిదో వారానికి పదకొండు. ఆ అమ్మాయి అన్నమాట ప్రకారం వసారాకు వచ్చి అందరి లెక్కలూ నంబర్లతోనే చెప్పింది. ముగ్గురు పిల్లల్లో పెద్దగా మార్పు లేదని కూడా దాచకుండా చెప్పింది. పాపకు పెరిగిన ఏడు నిమిషాలు పూర్తిగా ఈ సాధన వల్లే అని ఒక్క పిల్లను చూసి అనలేమంది. సరేనన్నాం. ఆ ఏడు నిమిషాల్లో పాప పెరుగన్నం పొలమారకుండా తింటోంది, అది మాత్రం నా పుస్తకంలో రోజువారీగా ఉంది.

పాపకు తర్వాతి తుంటి ఎక్స్‌రే వచ్చే నెలలో. రిజిస్టరు చూస్తే ఇంకో అయిదుగురివి కూడా అదే నెలలో పడ్డాయి. అందరం ఒకే రోజు వెళ్దామనుకున్నాం. టాటా మ్యాజిక్ ఒకటి మాట్లాడాను. వీల్‌చైర్లు మడిచి పైన కట్టుకోవచ్చన్నాడు డ్రైవరు, పొద్దున ఏడింటికల్లా సింగ్ నగర్ ఫ్లైఓవరు కింద ఉంటానన్నాడు.